మతము వేరు, రాజ్యము వేరు : ఫ్రాన్సులోని ఒక చిన్న పక్షము చరిత్ర

పౌరశాస్త్ర పాఠములలో ‘లౌకిక రాజ్యము’ అను మాటను మన విద్యార్థులు తరచుగా చదువుచుందురు. పరీక్షలో దానికి రెండు పంక్తుల అర్థము వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. కాని ఆ రెండు పంక్తుల వెనుక ఎన్ని తరముల వాదోపవాదములు కలవో పాఠ్యపుస్తకములో చెప్పుటకు చోటు చాలదు. అందుచేత ఈ వ్యాసములో ఆ మాటనే తన ప్రధాన సిద్ధాంతముగా పెట్టుకొన్న ఒక విదేశీయ రాజకీయ పక్షమును గూర్చి వ్రాయ దలచితిమి. అది ఫ్రాన్సు దేశములోని వామ రాడికల్ పార్టీ. నేడది చిన్న పక్షము. కాని అది పుట్టిన వంశము చిన్నది కాదు. ఆ వంశము చేసిన మేలును, చేసిన కీడును రెంటిని తెలిసికొనుట, పరభాషా ప్రాంతములలో తెలుగు చదువుకొనుచున్న మనకు మిక్కిలి అవసరము. ఎందుకో వ్యాసము చివరకు వచ్చుసరికి తేటపడును.

రెండు మాటల అర్థము

మొదట ‘వామపక్షము’ అను మాట. 1789లో ఫ్రాన్సు జాతీయసభ కూడినప్పుడు, సభ చేసిన శాసనములను త్రోసిపుచ్చు అధికారము రాజునకు ఉండవలెను అనువారు అధ్యక్షునకు కుడివైపునను, ఉండరాదు అనువారు ఎడమవైపునను కూర్చుండిరి. నాటినుండి మార్పును కోరువారిని వామపక్షమువారనియు, పాత మర్యాదను నిలుపగోరువారిని దక్షిణపక్షమువారనియు లోకమంతట పిలుచుచున్నారు.

రెండవది ‘రాడికల్’ అను మాట. ఇది లాటిన్ భాషలో చెట్టు వేరు అను అర్థము గల పదమునుండి పుట్టినది. దోషమును మూలమునుండి సరిచేయవలెను అనువారు రాడికల్సు. ఫ్రాన్సులోని రాడికల్సు కమ్యూనిస్టులు కారు. సొంత ఆస్తిని రద్దు చేయవలెనని వారెన్నడును కోరలేదు. చిన్న కమతముల రైతులు, చిన్న అంగళ్ల వర్తకులు, పల్లెటూరి వైద్యులు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు వారికి అండ. ప్రజాప్రభుత్వము, అందరికి చదువు, మతమునకు రాజ్యమునకు పొత్తు లేకుండుట, ఈ మూడును వారి ముఖ్య సూత్రములు.

పాత ఏర్పాటు

ఫ్రెంచి విప్లవ కాలమున, 1789 నవంబరులో, కాథలిక్కు మతసంస్థకు చెందిన ఆస్తులను జాతీయసభ స్వాధీనము చేసికొన్నది. తరువాత కొన్ని సంవత్సరములు దేశములో మత విషయమై ఘోర కలహములు జరిగినవి. వానిని చల్లార్చుటకై 1801లో నెపోలియన్ పోపు ఏడవ పయస్‌తో ఒక ఒడంబడిక చేసికొన్నాడు. దాని ప్రకారము బిషప్పులను రాజ్యాధిపతి నియమించును, పోపు వారికి మతాధికారమును ఇచ్చును. గురువులకు ప్రభుత్వ ధనాగారమునుండి జీతములు చెల్లును. అటుపిమ్మట ప్రొటెస్టంటు బోధకులకును, 1831నుండి యూదుల ఆచార్యులకును ఇట్లే జీతములు ఇచ్చుట ఆరంభమైనది.

ఈ ఏర్పాటు పైకి చూచుటకు అందరికి అనుకూలముగనే యుండెను. కాని ఆలోచించినచో రెండు చిక్కులు కనబడును. ఏ మతమును నమ్మనివాడును, ఈ జాబితాలో లేని మతమువాడును గూడ తన పన్నుతో ఇతరుల గురువులను పోషింపవలసి వచ్చెను. అంతేకాక జీతమిచ్చినవాడు ఆజ్ఞాపింపక మానడు. ప్రభుత్వమునకు నచ్చని గురువు జీతము నిలిచిపోవచ్చును. అనగా ఈ బంధము రాజ్యమును మాత్రమే కాదు, మతమును గూడ కట్టివేసినది.

బడి వాకిట మొదలైన పోరు

ఈ పోరు మొట్టమొదట పాఠశాలలో మొదలైనది. విద్యామంత్రిగా నుండిన జూల్ ఫెర్రీ 1881లో ప్రాథమిక విద్యను ఉచితము చేసెను. 1882 మార్చి 28వ తేదీ చట్టముతో అది నిర్బంధమును, మతాతీతమును ఐనది. ప్రభుత్వ పాఠశాలలో మతబోధ ఉండదు. దానికి బదులు నీతిబోధయు పౌరధర్మ బోధయు ఉండును. పిల్లలకు మతబోధ చేయించుకొనగోరు తలిదండ్రుల కొరకు వారమునకు ఒక దినము బడికి సెలవు విడువబడెను. 1886 చట్టము ప్రభుత్వ పాఠశాలలలో ఉపాధ్యాయులు మతసంఘములకు చెందినవారై యుండరాదని నిర్ణయించెను.

ఫెర్రీ రాడికల్ కాడు, మితవాది. ఆయన 1883లో దేశములోని ఉపాధ్యాయులకు ఒక బహిరంగ లేఖ వ్రాసెను. అందలి సలహా నేటికిని గమనింపదగినది. తరగతిలో ఏదైన నీతివాక్యము చెప్పబోవు ముందు, ఒక విద్యార్థి తండ్రి అక్కడ కూర్చుండి వినుచున్నట్లు ఊహించుకొనవలెననియు, ఆ తండ్రి మనస్సు నొచ్చునట్లైన ఆ మాట చెప్పక మానుకొనవలెననియు దాని సారము. లౌకిక విద్య యనగా మతమును ఎగతాళి చేయుట కాదు, ఒక్క తండ్రి నమ్మకమునైనను బడిలో కించపరుపకుండుట అని ఆయన భావము.

పక్షము పుట్టుక

1894లో ఆల్‌ఫ్రెడ్ డ్రైఫస్ అను యూదు సైనికాధికారి దేశద్రోహి యని నేరము మోపి శిక్షించిరి. ఆయన నిర్దోషి. 1898 జనవరి 13వ తేదీన నవలాకారుడు ఎమిల్ జోలా ఒక పత్రికలో బహిరంగ లేఖ ప్రకటించి, సైనికాధికారులు సత్యమును దాచుచున్నారని ఘోషించెను. దేశము రెండుగా చీలినది. సైన్యము పక్షమున నిలిచినవారిలో మతసంఘముల పత్రికలు ప్రముఖముగా నుండెను. యూదుడు గనుకనే ఆయనను ద్రోహి యన్న మాట నమ్మినవారు అనేకులు. చివరకు 1906లో గాని ఉన్నత న్యాయస్థానము డ్రైఫస్ నిర్దోషి యని ప్రకటింపలేదు.

ఈ ఉదంతము రాడికల్సును మేల్కొలిపినది. అంతకు పూర్వము వారు విడివిడి సమితులుగా నుండిరి. 1901 జూనులో పారిసు నగరమున మహాసభ జరిపి ఒక పక్షముగా కూడుకొనిరి. ఫ్రాన్సులో నేటికి నిలిచియున్న రాజకీయ పక్షములలో ఇదియే మిక్కిలి ప్రాచీనమైనది. మతమునకు రాజ్యమునకు విభజన జరుగవలెనని 1869లోనే లియోన్ గాంబెట్టా తన ఎన్నికల కార్యక్రమములో చేర్చియుండెను. ఆ పాత కోరికను క్రొత్త పక్షము తలకెత్తుకొన్నది.

కోంబ్ మంత్రివర్గము

1902 ఎన్నికలలో వామపక్షములు గెలిచినవి. ఎమిల్ కోంబ్ ప్రధానమంత్రి ఆయెను. ఈయన జీవితము విచిత్రమైనది. బాల్యమున గురువు కాదలచి మతవిద్యాలయములో చదివెను. మధ్యయుగపు మతతత్త్వవేత్త తోమా అక్వినాసును గూర్చి పరిశోధన గ్రంథము వ్రాసెను. తరువాత ఆ మార్గము విడిచి, వైద్యము నేర్చి, పోన్సు అను చిన్న పట్టణములో వైద్యుడుగా స్థిరపడెను. మతసంస్థను లోపలినుండి ఎరిగినవాడు దానికి తీవ్రమైన ప్రతిపక్షి ఆయెను.

ఆయన పాలనలో అనుమతి లేని మతసంఘముల పాఠశాలలు వేలకొలది మూతపడినవి. 1904 జూలైలో మతసంఘములవారు బోధించుటయే నిషేధింపబడెను. అదే నెలలో పోపుతో రాయబార సంబంధములు తెగిపోయినవి. వేలకొలది సన్యాసులును సన్యాసినులును దేశము విడిచిపోయిరి.

ఇట్లు తీవ్రముగా పోయిన మంత్రివర్గము తన తీవ్రతచేతనే కూలినది. ఏ సైనికాధికారి చర్చికి పోవుచున్నాడు, ఎవని భార్య భక్తురాలు అను సంగతులను రహస్యముగా సేకరించి, వానినిబట్టి ఉద్యోగోన్నతులు ఇచ్చుచున్నారని 1904 అక్టోబరులో బయటపడెను. మనస్సాక్షికి స్వాతంత్ర్యము కావలెనని పోరాడిన ప్రభుత్వమే పరుల మనస్సాక్షిపై నిఘా పెట్టినది. 1905 జనవరిలో కోంబ్ పదవి విడువవలసి వచ్చెను.

1905 చట్టము

కోంబ్ పోయినను పని ఆగలేదు. చట్టమును తయారుచేసిన ఉపసంఘమునకు అధ్యక్షుడు ఫెర్డినాండ్ బ్విసాన్. ఈయన రాడికల్ పక్షమువాడు. చాలకాలము ప్రాథమిక విద్యాశాఖకు డైరెక్టరుగా పనిచేసినవాడు. 1927లో నోబెల్ శాంతి బహుమానము పొందినవారిద్దరిలో ఒకడు. ఉపసంఘము పక్షమున నివేదిక సమర్పించినవాడు సోషలిస్టు ఆరిస్టీడ్ బ్రియాన్. ఈయన నేర్పు, సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ సహాయము, ఈ రెండును చేరి చట్టమునకు మృదుత్వము తెచ్చినవి. ప్రతీకారము కాదు, ప్రశాంతి కావలెనని వారు వాదించిరి.

1905 జూలై 3వ తేదీన ప్రతినిధుల సభలో 341 మంది అనుకూలముగను 233 మంది ప్రతికూలముగను ఓటు చేసిరి. డిసెంబరు 6న సెనేటులో 181కి 102. డిసెంబరు 9వ తేదీ వేసి చట్టము వెలువడెను. అందు మొదటి రెండు నిబంధనలను విద్యార్థులు జ్ఞాపకము పెట్టుకొనవలెను. మొదటి దానిలో, రాజ్యము మనస్సాక్షి స్వాతంత్ర్యమునకు పూచీపడును, ప్రజాశాంతికి భంగము కానంతవరకు ఆరాధనను స్వేచ్ఛగా జరుపుకొననిచ్చును అని కలదు. రెండవ దానిలో, రాజ్యము ఏ మతమును ప్రత్యేకముగా గుర్తింపదు, ఏ మతమునకు జీతములీయదు, ధనసహాయము చేయదు అని కలదు. ఈ వరుస ముఖ్యమైనది. మొదట స్వాతంత్ర్యము, పిదప విభజన. విభజన సాధనము. స్వాతంత్ర్యము లక్ష్యము. ఆసుపత్రులలో, చెరసాలలలో, పాఠశాలలలో ఉండువారు బయటకు పోయి ఆరాధింపలేరు గనుక, అక్కడి మతగురువుల ఖర్చునకు మాత్రము చట్టము మినహాయింపు ఇచ్చినది.

కలహము, సమాధానము

చట్టము వచ్చినంతనే శాంతి రాలేదు. చర్చిలలోని వస్తువుల జాబితా వ్రాయుటకు 1906లో అధికారులు పోగా, పలుచోట్ల భక్తులు తలుపులు వేసికొని ఎదిరించిరి. ఆ సంవత్సరము మార్చి 6వ తేదీన ఉత్తర సరిహద్దులోని బోషెప్ అను గ్రామములో ఒక మనుష్యుడు తుపాకి దెబ్బకు మరణించెను. మరునాడే మంత్రివర్గము కూలెను. తరువాతి మంత్రివర్గములో హోంశాఖ వహించిన క్లెమాన్సో రాడికల్ నాయకుడే, మతసంస్థకు గట్టి ప్రతిపక్షియే. అయినను, దీపపు స్తంభములను లెక్కించుటకై మనుష్యుల ప్రాణములు పోరాదని తలచి, బలప్రయోగము అవసరమైన చోట్ల ఆ పని నిలిపివేసెను.

పోపు పదవ పయస్ చట్టమును ఖండించెను. చట్టము చెప్పిన ఆరాధన సంఘములను కాథలిక్కులు ఏర్పరుచుకొనరాదని ఆజ్ఞాపించెను. అప్పుడు ప్రభుత్వము చర్చిలకు తాళములు వేసియుండవచ్చును. అట్లు చేయలేదు. 1907 జనవరి చట్టముతో, సంఘములు లేకున్నను కాథలిక్కులు తమ చర్చిలలో ఆరాధన జరుపుకొనవచ్చునని ఒప్పుకొన్నది. 1921లో పోపుతో రాయబార సంబంధములు తిరిగి కలిసినవి. 1924లో చర్చి ఆస్తుల నిర్వహణకు ఇరువురికి సమ్మతమైన ఏర్పాటు కుదిరినది. ఇరువది సంవత్సరములు గడచునప్పటికి నాటి శత్రువులు ఒకే వీధిలో కలిసి నడువ నేర్చిరి.

పెద్ద పక్షము చిన్నదగుట

మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందును, తరువాతను ఫ్రాన్సులో రాడికల్సు లేక మంత్రివర్గము ఏర్పడుట కష్టముగా నుండెను. ఆ కాలముననే వారొక పెద్ద అన్యాయమునకు తోడుపడిరి. స్త్రీలకు ఓటు ఇచ్చినచో వారు గురువుల మాట విని ఓటు చేయుదురను భయముతో, సెనేటులోని రాడికల్ సభ్యులు ఆ హక్కును అడ్డుకొనుచు వచ్చిరి. ప్రతినిధుల సభ ఒప్పుకొన్న స్త్రీల ఓటుహక్కును 1922లో సెనేటు త్రోసివేసినది. ఫ్రెంచి స్త్రీలకు ఓటు 1944లో గాని రాలేదు. ఒకరి మనస్సు స్వతంత్రము కాదని మనమే తీర్మానించి వారి హక్కును ఆపుట స్వాతంత్ర్యము పేరిట జరిగినను అన్యాయమే.

రెండవ యుద్ధము తరువాత పక్షము బలము తగ్గినది. ఐనను అందునుండి వచ్చిన ఒక ప్రధానమంత్రి మన చరిత్రలో గూడ చేరియున్నాడు. ఆయన పియేర్ మెండెస్ ఫ్రాన్స్. 1954 జూను 13వ తేదీన యానాము ఫ్రెంచి పాలననుండి విడివడినది. కొన్ని దినములకే ఆయన ప్రధానమంత్రి ఆయెను. ఆ అక్టోబరు 18న కీళూరులో ఫ్రెంచి స్థావరముల ప్రజాప్రతినిధులు 178 మంది కూడగా, 170 మంది భారతదేశములో చేరుటకు ఓటు చేసిరి. నవంబరు 1వ తేదీన పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాములు భారత ప్రభుత్వ పాలనకు అప్పగింపబడినవి. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తియైనది. యుద్ధము లేకుండ ఒక సామ్రాజ్యపు అంచు మడతపెట్టబడెను.

1972లో సోషలిస్టులును కమ్యూనిస్టులును ఉమ్మడి కార్యక్రమము వ్రాసికొనిరి. అందులో చేరవలెనా, కూడదా అను ప్రశ్నపై రాడికల్ పక్షము చీలినది. చేరవలెనన్నవారు రొబేర్ ఫాబ్ర్ మొదలైన నాయకులతో వేరుపడిరి. ఆ శాఖయే వామ రాడికల్సు. 1981 అధ్యక్ష ఎన్నికలో వారి అభ్యర్థి, లా రోషెల్ నగరాధ్యక్షుడు మిషెల్ క్రెపో, నూటికి సుమారు 2 ఓట్లు పొందెను. 1994 ఐరోపా సభ ఎన్నికలలో ఆ పక్షపు జాబితాకు నూటికి 12 వచ్చినవి. 1998నుండి వామ రాడికల్ పార్టీ యను పేరు వాడుకలోనికి వచ్చినది. 2002లో ఫ్రెంచి గయానాకు చెందిన క్రిస్టియాన్ తోబిరా ఆ పక్షము తరఫున నిలిచి సుమారు 6 లక్షల 60 వేల ఓట్లు, అనగా నూటికి 2.32 పొందెను. అంతకు ముందు సంవత్సరమే, బానిస వ్యాపారమును బానిసత్వమును మానవజాతిపై జరిగిన నేరములని ప్రకటించు 2001 చట్టమునకు ఆమె మూలకారణము. 2017లో ఈ పక్షము పాత రాడికల్సుతో తిరిగి కలిసినది. 2019లో పొత్తుల విషయమై మరల విడివడి తన పాత పేరు నిలుపుకొన్నది.

ఇంత చిన్న పక్షమువలన ప్రయోజనమేమి యని మీరడుగవచ్చును. పెద్ద పక్షములు ఓట్ల వేటలో మరచిపోవు సూత్రమును, చిన్న పక్షము ఒకటి గుర్తుచేయుచుండును. ఉప్పు కూరలో కొంచెమే. లేనప్పుడు తెలియును.

చట్టము నడువని చోట్లు

ఫ్రాన్సు అంతట 1905 చట్టము నడుచుచున్నదని తలపరాదు. అల్సాస్ ప్రాంతమును మోసెల్ జిల్లాయు 1871నుండి 1918వరకు జర్మనీ చేతిలో నుండినవి. కావున అక్కడ నెపోలియన్ నాటి ఏర్పాటే నిలిచినది. 1924లో రాడికల్ ప్రధానమంత్రి ఎడ్వార్ ఎరియో దానిని తీసివేయబోగా అక్కడి ప్రజలు తీవ్రముగా ఎదిరించిరి. ఆయన వెనుకకు తగ్గెను. 2013లో రాజ్యాంగ మండలి ఆ ఏర్పాటు చెల్లుబాటగునని తీర్పు చెప్పెను. ఫ్రెంచి గయానాలో 1828 నాటి రాజశాసనము ప్రకారము కాథలిక్కు గురువులకు నేటికిని ప్రభుత్వ ధనమునుండి జీతములు ముట్టుచున్నవి. భారతదేశములోని తన స్థావరములలో గూడ ఫ్రాన్సు స్వదేశపు పద్ధతిని యథాతథముగా నడుపలేదు. హిందువుల వివాహాది విషయములను వారి ఆచారములకే విడిచినది. అందుచేతనే బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1930లో బ్రిటిషు ఇండియాలో అమలుకు రాగా, పొరుగు జిల్లాలవారు పెండ్లిండ్లకు యానాము చేరిరి. ఆ ఊరికి కల్యాణపురమను పేరు వచ్చుటకు అది కారణము. ఒకే రాజ్యము మహానగరములో ఒక నీతిని, దూరపు రేవులో వేరొక నీతిని పాటించుట ఇందువలన తెలియుచున్నది.

మతమునకిచ్చిన స్వేచ్ఛ భాషకు ఇచ్చిరా?

ఇప్పుడు మన సంగతికి వత్తము. ఫ్రాన్సు పశ్చిమ తీరమున బ్రెతాన్యు అను ప్రాంతము కలదు. అక్కడివారి బ్రెటన్ భాష ఫ్రెంచికి ఏమాత్రము దగ్గర చుట్టము కాదు. 1902లో ప్రధానమంత్రి కోంబ్ ఒక ఆజ్ఞ పంపెను. గురువులు ప్రసంగములును పిల్లల జ్ఞానోపదేశమును బ్రెటన్ భాషలో చేయరాదు, ఫ్రెంచిలోనే చేయవలెను. వినని గురువులకు జీతము ఆగును. అన్నట్లే కొందరి జీతములు ఆగినవి. ఊరిలోని ముసలివారికి ఫ్రెంచి తెలియదు. ఐనను దేవుని మాట గూడ వారికి తెలియని భాషలోనే వినవలసి వచ్చెను.

బడిలో స్థితి ఇంకను కఠినము. బ్రెటన్ మాట నోట వచ్చిన పిల్లవాని మెడలో ఒక చెక్కముక్కనో, పాత చెప్పునో వ్రేలాడదీసి అవమానించుట చాలచోట్ల వాడుక. అది తప్పించుకొనవలెనన్న, తనవలె బ్రెటన్ మాటాడిన మరియొక తోటివానిని పట్టి ఇయ్యవలెను. ఫ్రాన్సు దక్షిణమున ఆక్సితాన్ భాష మాటాడు పిల్లలకును ఇట్టి శిక్షలు జరిగినవి. పిల్లల మనస్సాక్షిని మతబోధనుండి కాపాడిన ఆ పాఠశాలయే వారి తల్లి నేర్పిన మాటను దోషముగా నెంచినది.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. 1905లో విభజన జరిగినంతనే గురువులకు ప్రభుత్వ జీతము లేకపోయెను. ఆపుటకు జీతమే లేనప్పుడు, ఏ భాషలో ప్రసంగించవలెనో ఆజ్ఞాపించు ఉపాయమును ప్రభుత్వమునకు లేకపోయెను. చర్చిలో బ్రెటన్ భాష స్వేచ్ఛ పొందినది. పాఠశాల మాత్రము ప్రభుత్వమునదే గనుక, అక్కడ ఆ భాషకు తలుపు 1951 చట్టమువరకు తెరువబడలేదు. ఆ చట్టమును బ్రెటన్, బాస్క్, కాటలాన్, ఆక్సితాన్ భాషలను ఐచ్ఛికముగా నేర్చుకొనుటకు మాత్రమే అనుమతించెను. 2008లో ప్రాంతీయ భాషలు ఫ్రాన్సు వారసత్వ సంపదలో భాగమని రాజ్యాంగములో చేర్చిరి. ఐనను ప్రాంతీయ భాషలోనే సమస్త పాఠములు చెప్పు పద్ధతి చెల్లదని 2021 మే నెలలో రాజ్యాంగ మండలి తీర్పు చెప్పినది.

ఇందలి తత్త్వమేమి? రాజ్యము మతము లేకుండ ఉండగలదు. భాష లేకుండ ఉండలేదు. చట్టము ఏదో ఒక భాషలో వ్రాయవలెను, పాఠము ఏదో ఒక భాషలో చెప్పవలెను. మత విషయములో రాజ్యము చేతులు ముడుచుకొని ప్రక్కకు తొలగినచో న్యాయము జరుగును. భాషా విషయములో అది తొలగుట యనునదే లేదు. అది తన భాషను ఎట్లును నడుపుచునే యుండును. కావున ఇతర భాషలవారికి న్యాయము జరుగవలెనన్న రాజ్యము చేయి చాచి సహాయము చేయవలెను. ఫ్రెంచి రాడికల్సు మొదటి సత్యమును కనుగొనిరి, రెండవదానిని కనుగొనలేదు.

మన రాజ్యాంగము చెప్పినది

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ రెండు సత్యములను ఒకచోట చేర్చిరి. 25వ అధికరణము మనస్సాక్షి స్వాతంత్ర్యమును ఇచ్చుచున్నది. 28వ అధికరణము ప్రకారము పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడుచు విద్యాసంస్థలో మతబోధ ఉండరాదు. ప్రభుత్వపు గుర్తింపు గాని సహాయము గాని పొందు ఇతర సంస్థలలోను, సమ్మతి లేనిదే ఎవరిని మతబోధకు హాజరు కమ్మని నిర్బంధింపరాదు. పిల్లవాడు మైనరైనచో సంరక్షకుని సమ్మతి కావలెను. 30వ అధికరణము మతమునుబట్టి గాని భాషనుబట్టి గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కును ప్రసాదించినది. ఒకే వాక్యములో మతమును భాషను సమానముగా కూర్చుండబెట్టినది. ఇంతేకాక, అట్టి సంస్థ అల్పసంఖ్యాకులది యను కారణముచేత సహాయ ద్రవ్యమిచ్చుటలో దానికి తక్కువ చేయరాదని చెప్పినది. ఇది ఫ్రెంచి మార్గము కాదు. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సదుపాయములు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ‘లౌకిక’ అను మాట పీఠికలో 1976లో చేరినను, దాని సారము మొదటినుండియు ఈ అధికరణములలో కలదు.

తలిదండ్రులు ఒక సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక తీర్మానము చేసినది. పాఠశాల మొత్తములో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక భాషకు చెందిన పిల్లలున్నచో ఆ భాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయుని నియమింపవలెను. ఈ సంఖ్య మన బడులకు ఊపిరి వంటిది. తరగతిలో 10 మంది ఉన్నప్పుడు మనది హక్కు. వారు 9 మంది ఐనప్పుడు మనది విన్నపము. ఇరుగుపొరుగు భాషలో చదివినచో ఉద్యోగము సులభమని ఒక తండ్రి తన బిడ్డను తీసికొనిపోవుటలో తప్పు పట్టలేము. ఆ భాషయు మనము ప్రేమతో నేర్వవలసినదే. కాని ఒక్కొక్క ఇంటివారు అట్లు చేయగా, మిగిలిన ఇండ్లవారి పిల్లలకు తెలుగు పంతులు లేకుండ పోవుచున్నాడను సంగతి గూడ తూకములో వేయవలెను. రాజ్యాంగము తలుపు తెరచినది. లోపలికి నడువవలసిన కాళ్లు మనవి.

విద్యార్థులకు ఒక్క మాట. ఈ చరిత్రలో ఎవరును పూర్తిగా మంచివారు కారు, పూర్తిగా చెడ్డవారును కారు. స్వాతంత్ర్యము పేరిట నిఘా పెట్టినవారు, స్త్రీల ఓటును ఆపినవారు, బ్రెటన్ భాషను తరిమినవారు ఆ రాడికల్సే. మనస్సాక్షి స్వాతంత్ర్యమును చట్టమున వ్రాసినవారు, దీపస్తంభముల కొరకు ప్రాణములు తీయరాదన్నవారు, యుద్ధము లేకుండ యానామును అప్పగించినవారును వారిలోనివారే. మనము కోరు స్వేచ్ఛను ప్రక్కవానికి గూడ కోరుట మిక్కిలి కష్టమైన పాఠము. తెలుగు బడిలో వేరొక భాష మాటాడు పిల్లవాడు గాని, వేరొక మతమునకు చెందిన పిల్లవాడు గాని చేరినప్పుడు, వానితో మన ప్రవర్తన ఎట్లున్నదో చూచుకొన్నచో, ఆ పాఠము మనకెంత వంటబట్టినదో తెలియును.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. గురువులకు ప్రభుత్వము జీతమిచ్చుటవలన మతమునకు కలిగిన నష్టమేమి?
2. 1905 చట్టములో స్వాతంత్ర్యపు నిబంధన మొదటను, విభజన నిబంధన రెండవదిగను ఉండుటకు కారణమేమై యుండును?
3. మత విషయములో తటస్థముగా నుండగల రాజ్యము భాషా విషయములో అట్లుండలేదు. ఎందుచేత?
4. మన రాజ్యాంగము 30వ అధికరణమునకును, ఫ్రెంచి 1905 చట్టము రెండవ నిబంధనకును గల భేదమును మీ మాటలలో వ్రాయుము.
5. మీ తరగతిలో తెలుగు చదువువారెందరు? ఐదు సంవత్సరముల క్రిందట ఎందరుండిరి? ఇంట పెద్దలను, బడిలో ఉపాధ్యాయులను అడిగి తెలిసికొనుము.